తప్పు పడని కొట్టు

"చదవను బాబాయ్. చదివితే తప్పులు పడతాయి."

మొదటిరోజు టైపు చేసే ఆవిడ నాతో అన్న మాట అది. నేనడిగింది వేరే. నా చేతిరాత తెలుస్తోందా అమ్మా, చదవగలవా అన్నాను. ఆవిడ నా కాగితాల్ని ఎదురుగా ఉన్న చెక్కకి క్లిప్పుతో తగిలించి, కళ్ళజోడు పైకి తోసుకుని ఈ జవాబిచ్చింది.

"అక్షరం కంట్లో పడాలి, కంట్లోంచి వేలికి దిగాలి. మధ్యలో బుర్రకి పని చెప్పకూడదు. చెప్పామా, లైన్లు గెంతేస్తాం. అద్దె కాగితాలు, కోర్టు కాగితాలు, ప్రశ్నపత్రాలు, ఇన్నేళ్ళుగా కొడుతున్నానా, ఒక్కదాంట్లో ఏముందో చెప్పమంటే చెప్పలేను."

"అబద్ధం కాదండోయ్," అన్నాడు కొట్టాయన, జిరాక్సు మిషను మూత దించుతూ. "వాళ్ళాయన బదిలీకి పెట్టుకున్న అర్జీ కూడా ఈవిడే కొట్టింది. ఆయన సంతకం చేసి పంపించేశాడు. పెట్టె సర్దుకునేదాకా ఈవిడకి తెలీదు."

"తెలిస్తే మాత్రం ఆపేదాన్నా ఏం?" అందావిడ. కళ్ళు తెర మీదే ఉన్నాయి. వేళ్ళు అప్పుడే నడక మొదలెట్టాయి.

కొట్టాయన నవ్వాడు. ఆవిడా నవ్వింది. నవ్వాలో లేదో తెలీక నేను మిషను వైపు చూశాను.

మందుల షాపుకీ తాళాలు బాగుచేసేవాడి బడ్డీకీ మధ్య ఇరుక్కుని ఉంటుందా కొట్టు. వెడల్పు లేదు, లోతుంది. ముందు జిరాక్సు మిషను, దాని పక్కన ఒక ప్లాస్టిక్ స్టూలు, లోపల గోడకి ఆనించి ఆవిడ బల్ల. బయట బోర్డు మీద 'తప్పులు లేకుండా టైపు చేయబడును' అని ఉంటుంది. ఆ మాట కొట్టాయన ధైర్యంతో రాయించింది కాదు, ఆవిడ వేళ్ళని చూసి రాయించింది. ఆయనకి అదంటే గొప్ప. ఎవరైనా ప్రూఫు చూసుకుంటామంటే, "చూసుకోండి, కాలక్షేపం అవుతుంది" అనేవాడు.

నేను కాలవ గేటు దగ్గర పనిచేసి రిటైరయ్యాను. పైనుంచి ఇంత నీరు వదలమని కబురొస్తే గేటు చక్రం తిప్పి అంత ఎత్తడం, దించమంటే దించడం. మిగతా వేళల్లో నీటిమట్టం కొలిచే రాతి స్తంభం మీద నీరు ఏ గీతని తాకుతోందో చూసి రాయడం. చదువు మా ఊరి బడిలో ఎంతుందో అంత. పెళ్ళి కాలేదు. పిల్లనిద్దామని ఇద్దరు ముగ్గురు వచ్చారు. గేటు పక్క ఒంటరి క్వార్టరు చూశారు, చుట్టూ నీళ్ళు చూశారు, మర్యాదగా మంచినీళ్ళు తాగి వెళ్ళారు. తర్వాత కబురు లేదు. నేనూ అడగలేదు.

ఉద్యోగం అయ్యాక టౌన్లో, పంక్చర్లు వేసే ఆయన ఇంటి వెనక గది తీసుకున్నాను. ఒక మంచం, ఒక కిటికీ, ఒక కుర్చీ. కిటికీలోంచి చూస్తే గుట్టగా పోసిన పాత టైర్లు. గేటు దగ్గర రోజంతా మాట్లాడకపోయినా అది ఉద్యోగం కింద పోయేది. ఇక్కడ మాట్లాడకపోతే దాన్ని దేని కింద వెయ్యాలో తెలిసేది కాదు. ఒక్కోరోజు సాయంత్రం పాల ప్యాకెట్టు అడిగేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా ఉండేది.

అట్లాంటి ఒక మధ్యాహ్నం, ఏదో రాసుకోడానికి కాగితం తీసి, రాయాల్సింది మర్చిపోయి, ఈ వాక్యం రాశాను. 'పడవవాడు నిద్రలేచేసరికి పెళ్ళాం లేచే ఉంది, కాని పలకరించలేదు.' ఎందుకు పలకరించలేదో నాకూ తెలీదు. తెలుసుకుందామని రెండోది రాశాను.

అలా నవల అయింది. కథ పెద్దగా ఏం లేదు. పడవవాడు తన మామ ఇచ్చిన పాత పడవని పెళ్ళాంతో చెప్పకుండా అమ్మేసి కొత్తది చేయించుకుంటాడు. అది ఆవిడ తండ్రి చేత్తో చెక్కిన పడవ. ఆ రోజు నుంచి ఆవిడ మాట మానేస్తుంది. వండుతుంది, పెడుతుంది, ఆయన బట్టలుతికి ఆరేస్తుంది, మాట్లాడదు. ఏళ్ళు గడుస్తాయి. ఆయన ఊళ్ళో అందర్నీ ఆ గట్టుకీ ఈ గట్టుకీ దాటిస్తాడు. ఆవిడ మాత్రం కొత్త పడవ ఎక్కదు. అవతలి గట్టుకి వెళ్ళాలంటే చుట్టూ తిరిగి వంతెన మీంచి నడిచి వెళ్తుంది. ఆవిడ ఎప్పుడు మాట్లాడుతుంది, ఏమంటుంది, అంతే కథ.

అక్క ఫోన్లో అడిగింది. "ఏం చేస్తున్నావురా రోజంతా?"

"కథ రాస్తున్నాను."

"ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"నలుగురిలో తిరగరా. నువ్వు చిన్నప్పుడే మూగమొద్దువి. ఇప్పుడు కాగితంతో మాట్లాడ్డం మొదలెట్టావంటే ఇంక మాతో ఏం మాట్లాడతావు?"

కాగితంతోనైనా మాట్లాడుతున్నానని అనుకున్నాను.

పుస్తకంగా వేయించాలనుకున్నాక ప్రెస్సుకి వెళ్ళాను. ప్రెస్సాయన నా చేతిరాత కాగితాల బొత్తిని బరువు చూసి, "ముందు టైపు చేయించుకు రండి, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. ఆఖరి అధ్యాయం ఇంకా రాయలేదు, రాసినంతవరకూ టైపు చేయిద్దామని ఈ కొట్టుకి వచ్చాను.

పద్ధతి ఏంటంటే, పొద్దున టిఫిను కానిచ్చి, ఉతికిన చొక్కా వేసుకుని, ఒక అధ్యాయం పట్టుకెళ్ళేవాణ్ణి. ముందురోజు ఇచ్చింది ఆవిడ ప్రింటు తీసి ఉంచేది. మిషను పక్క స్టూలు మీద కూర్చుని ప్రూఫు చూసుకునేవాణ్ణి. మిషను వేడి మోకాలికి తగులుతుండేది. వచ్చేపోయేవాళ్ళు, చిల్లర గొడవలు, కొట్టాయన జోకులు. ఎవరూ నన్ను పలకరించకపోయినా మాటల మధ్యలో ఉండేవాణ్ణి. గదికి వెళ్ళాక కూడా ఆ చప్పుడు చెవిలో కొంతసేపు మిగిలేది.

ప్రూఫు నేను స్కేలు పెట్టి చూస్తాను. లైను కింద స్కేలు ఆనించి, ఒక్కో లైనే కిందికి జరుపుతాను. గీత మీద కన్ను ఆనించి చూడటం తప్ప నాకు వేరే చూడటం రాదు.

"ఏం దొరికిందా రచయితగారూ?" అనేవాడు కొట్టాయన.

"లేదండీ."

"దొరకదు. స్కేలు అరుగుతుంది గాని తప్పు దొరకదు."

నిజంగానే దొరకలేదు. మొదటి అధ్యాయాలన్నీ కడిగిన పలకల్లా ఉన్నాయి. నేను తప్పు రాసిన చోట కూడా నా తప్పు ఎలా ఉందో అలాగే ఉంది. ఆవిడ ఒక్క అక్షరం చదవలేదు. నా కథ ఆవిడ కంట్లోంచి వేళ్ళలోకి, వేళ్ళలోంచి కాగితం మీదికి, తూములో నీళ్ళలాగా ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోయింది.

అప్పుడు ఒక తప్పు దొరికింది.

పడవవాడికి జ్వరం వచ్చిన అధ్యాయం అది. పెళ్ళాం తడిగుడ్డ తెచ్చి నుదుటి మీద వేస్తుంది. ఇప్పుడు మాట్లాడుతుందేమో అని వాడు కళ్ళు మూసుకుని ఎదురుచూస్తుంటాడు. అక్కడ నేను రాసిన ఒక లైను లేదు. తడిగుడ్డ వేసిన తర్వాత లైను గెంతేసి, ఆవిడ లేచి వెళ్ళిపోయిన దగ్గర పడింది.

స్కేలు అక్కడే ఆపి ఆవిడ వైపు చూశాను. ఆవిడ అద్దె కాగితం ఏదో కొడుతోంది. పెన్సిలుతో గుర్తు పెట్టి ఇచ్చాను.

ఆవిడ చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. "అయ్యో. ఎలా పోయింది ఇది?"

"ఏంటి, పోవడమేంటి?" కొట్టాయన తల తిప్పాడు. "మన కొట్లోనా?"

"ఫ్యాను గాలికి కాగితం ఎగిరినట్టుంది," అందావిడ.

కాగితం క్లిప్పుకే ఉంది. నేను చూశాను. నేను చూసిన సంగతి ఆవిడా గమనించింది.

మర్నాడు ఇంకో తప్పు. ఆ తర్వాత అధ్యాయంలో రెండు. అన్నీ ఒకే రకం. పడవవాడి పెళ్ళాం గదిలోకి వచ్చినచోట, ఆవిడ పెదవి కదిపిందని నేను రాసినచోట, కన్ను ముందుకి గెంతింది, లైను పోయింది. టైపు చేసే ఆవిడ ముందేమవుతుందో చదివి, వెనక్కి వచ్చి మళ్ళీ కొడుతోంది. వచ్చేటప్పుడు పట్టు తప్పుతోంది.

వేళ్ళ చప్పుడు కూడా మారింది. మామూలుగా అయితే రేకు మీద వాన పడ్డట్టు ఒకే తీరున ఉంటుంది. నా కాగితాలు క్లిప్పుకి ఎక్కితే మాత్రం మధ్యలో ఆగుతుంది. ఆగి, కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ మొదలవుతుంది.

"ఏవండీ, మా అర్జీ అయిందా?" అని ఎవరో రెండుసార్లు అడిగారు ఒకరోజు. ఆవిడకి వినపడలేదు.

"మీ కథ మా మనిషిని చెడగొట్టేస్తోంది సార్," అన్నాడు కొట్టాయన నాతో. నవ్వుతూనే అన్నాడు గాని అందులో కొంచెం ముల్లుంది. "ఆ బోర్డు తీసేయించేట్టున్నారు."

ఇంకోరోజు నేను స్టూలు మీద ఉండగా, ఆవిడ వెనక్కి తిరక్కుండానే అంది, "నోరు తెరిచి ఒక్కసారి అడగొచ్చు కదా ఆ మనిషి."

"ఎవరమ్మా?"

"అబ్బే, ఎవరూ కాదు లెండి. ఎవరో గుర్తొచ్చారు." కీలు గబగబా నొక్కింది. కాసేపయ్యాక, "మీకు పెళ్ళి కాలేదంటగా బాబాయ్?"

"కాలేదు."

"మరి ఇదంతా ఎలా తెలుసు మీకు?"

"గేటు మీంచి దాటేవాళ్ళని చూసేవాణ్ణమ్మా. గేటు మీద దారి ఇరుకు. ఇద్దరు పక్కపక్కన నడవలేరు. ఒకరు ముందు, ఒకరు వెనక. ముందువాళ్ళు వెనక్కి తిరిగి చూశారా లేదా, అది చూస్తే చాలు."

ఆరోజు చప్పుడు చాలాసేపు ఆగింది.

ఆ రోజు గదికి వెళ్తుంటే నా నడక నాకే తేడాగా అనిపించింది. ఇంత వయసొచ్చాక నా మాట ఒకటి ఇంకో మనిషి తలలోకి వెళ్ళి అక్కడ ఆగింది. నేను రాసినదాంట్లో ఏం జరుగుతుందో తెలుసుకోవాలని ఒకరు లైన్లు గెంతుతున్నారు. పంక్చర్లాయన, "ఏంటండీ, పెన్షను పెంచారా?" అని అడిగాడు. ఏం చెప్పను? ఈరోజు మూడు తప్పులు దొరికాయని చెప్పనా?

చిక్కంతా అప్పుడే మొదలైంది. కథ అయిపోవచ్చింది. పడవవాడి పెళ్ళాం పడవ ఎక్కాలి, ఒక మాట మాట్లాడాలి, అయిపోవాలి. అది నాకు ఎప్పుడో తెలిసిపోయింది. ఆ అధ్యాయం రాసి ఇచ్చేస్తే మర్నాడు ఒక్కసారి ప్రూఫుకి వెళ్తాను, అంతే. తర్వాత ఆ కొట్టుకి వెళ్ళడానికి నాకు పనుండదు. స్టూలు ఉండదు, వేళ్ళ చప్పుడు ఉండదు, ఆవిడ వెనక్కి తిరక్కుండా అనే ఆ ఒక్క మాటా ఉండదు. కిటికీలో టైర్లుంటాయి.

అందుకని పడవవాడికి ఒక పోటీ పడవవాణ్ణి తెచ్చాను. వాళ్ళిద్దరికీ గొడవ పెట్టాను. తర్వాత కొత్త వంతెన కోసమని కొలతలవాళ్ళొచ్చారు. తర్వాత పడవవాడి మేనమామ ఒకడు చుట్టపుచూపుగా వచ్చి కూర్చున్నాడు, వెళ్ళడు. దూడ తప్పిపోయింది. దూడని వెతకడానికి ఒక అధ్యాయం పట్టింది, దొరకడానికి ఇంకొకటి. పొద్దున్నే చొక్కా వేసుకుని రోజూ వెళ్ళేవాణ్ణి.

ఆ అధ్యాయాల ప్రూఫులు స్కేలు పెట్టి చూశాను. పోటీ పడవవాడి దగ్గర తప్పు లేదు. కొలతలవాళ్ళ దగ్గర లేదు. మేనమామ అధ్యాయం మొదటి నుంచి చివరిదాకా శుభ్రంగా ఉంది.

"హమ్మయ్య. మళ్ళీ దార్లో పడింది," అన్నాడు కొట్టాయన.

చెవి పెట్టి విన్నాను. ఆవిడ నా దూడ అధ్యాయమే కొడుతోంది. రేకు మీద వాన. ఎక్కడా ఆగడం లేదు. కొడుతూనే కొట్టాయనతో వాళ్ళ వీధిలో కుళాయి సంగతి మాట్లాడుతోంది. ఎవరో వచ్చి అర్జీ అయిందా అంటే, "బల్ల మీద ఉంది తీసుకోండి" అని వెంటనే చెప్పింది.

పెన్సిలు మొన చెక్కినది చెక్కినట్టే ఉంది. ప్రూఫు పూర్తయ్యింది. స్టూలు మీంచి లేవలేదు. మోకాలికి మిషను వేడి తగులుతోంది. కొట్టులో మాటలు మాటల్లాగే ఉన్నాయి, నవ్వులు నవ్వుల్లాగే ఉన్నాయి. నేను వాటి మధ్యలోనే కూర్చున్నాను. కాని గేటు దగ్గర ఎంత ఒంటరిగా ఉన్నానో అంతే ఉన్నాను. ఇంకా ఎక్కువ కూడానేమో. ఆవిడ వెళ్ళిపోయింది. నాకు నాలుగడుగుల దూరంలో కూర్చునే నా కథలోంచి వెళ్ళిపోయింది. పంపింది నేనే.

దించిన గేటు వెనక నీళ్ళు నిలబడితే చూడ్డానికి నిండుగా ఉంటాయి. కొన్నాళ్ళకి పైన పచ్చగా నాచు కడుతుంది. అది నాకు తెలియంది కాదు.

గదికి వెళ్ళి కూర్చున్నాను. అన్నం వండలేదు. కొట్టుకి రోజూ వెళ్ళడమా, ఆవిడ మళ్ళీ ఒక్కసారి లైను గెంతడమా? రెండూ కావాలంటే కుదరదు. చాలాసేపు కుర్చీలో ఉన్నాను. తర్వాత కాగితం తీసి, పడవవాడి పెళ్ళాన్ని పడవ ఎక్కించాను.

మర్నాడు కొట్టులో అన్నాను. "అమ్మా, పోటీ పడవవాడి దగ్గర నుంచి దూడ దాకా కొట్టినవన్నీ తీసేయాలి."

"తీసేయడమా?"

"తీసెయ్."

"అన్నీనా బాబాయ్? ఇన్నాళ్ళు కొట్టినవి!"

"సార్, కొట్టినవాటికి మాత్రం..." అని కొట్టాయన మొదలెట్టాడు.

"కొట్టినవి కొట్టినట్టే లెక్కేసుకోండి," అన్నాను. ఆయన చల్లబడ్డాడు.

ఆవిడ నా ముఖం చూసింది, కళ్ళజోడు తీసి మరీ చూసింది. "దూడ కూడానా?" అంది.

"దూడ కూడా."

"అదే మంచిది లెండి," అంది ఆవిడ మెల్లిగా, మీట నొక్కుతూ. మేనమామ పోయాడు. కొలతలవాళ్ళు పోయారు. తెర మీద పోటీ పడవవాడు రాకముందు అధ్యాయం వచ్చి ఆగింది.

కొత్త కాగితాలు ఇచ్చాను. ఆవిడ పుచ్చుకుని చేత్తో మందం చూసింది. పల్చగా ఉన్నాయి.

"ఇది ఆఖరుదా?"

"ఆఖరుదే."

క్లిప్పుకి తగిలించింది గాని మొదలెట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, "మీరు వెళ్ళండి బాబాయ్," అంది. "రేపు రండి. వెనక మీరుంటే వేళ్ళు కదలవు."

ఆ రోజు ఏం చేశానో నాకు గుర్తులేదు. టైర్లు చూశానేమో.

ఆఖరి అధ్యాయంలో ఇలా రాశాను. వంతెన దారి వానకి తెగిపోయి, ఆవిడ వేరే దారిలేక పడవ దగ్గరికి వస్తుంది. ఇంకెవరూ ఉండరు. ఎక్కి చివర కూర్చుంటుంది. వాడు గెడ వేస్తుంటాడు. ఏటి నడిమికి వచ్చాక ఆవిడ తన కాళ్ళ దగ్గర చూసి, ఇన్నేళ్ళ తర్వాత నోరు తెరుస్తుంది. 'నీళ్ళొస్తున్నాయి, చూసుకో' అంటుంది. వాడు గెడ పక్కన పెట్టి, ఆవిడ కాళ్ళ దగ్గర వంగి, నీళ్ళు తోడిపోస్తుంటాడు. పడవ దాని దారిన అది కొట్టుకుపోతుంటుంది. అంతే.

మర్నాడు వెళ్ళేసరికి ప్రింటు తీసి స్టూలు మీద పెట్టి ఉంది. ఆవిడ తల ఎత్తలేదు. కోర్టు కాగితం ఏదో కొడుతోంది. నేను కూర్చుని స్కేలు ఆనించాను. మొదటి పేజీ బాగానే ఉంది. రెండో పేజీలో ఒక లైను పోయింది, గుర్తు పెట్టాను. ఆఖరి పేజీకి వచ్చాను. స్కేలు కిందికి జరిపాను.

'నీళ్ళొస్తున్నాయి, చూసుకో,' అంది ఆమె.

ఇంకో లైను జరిపాను.

'నీళ్ళొస్తున్నాయి, చూసుకో,' అంది ఆమె.

ఇప్పటిదాకా లైన్లు పోవడమే గాని రెండుసార్లు పడటం లేదు. ముందుకి గెంతిన కన్ను కాదిది. కొట్టాక కూడా కదలక, మళ్ళీ వెనక్కి వచ్చి అక్కడే నిలబడిన కన్ను. నేను స్కేలు తియ్యలేదు. మిషను ఎవరివో కాగితాలు ఒక్కోటీ బయటికి తోస్తోంది.

"ఏమన్నా ఉన్నాయా సార్?" అన్నాడు కొట్టాయన.

"రెండో పేజీలో ఒకటుందండీ."

"అంతేనా?"

"అంతే."

ప్రెస్సాయన సవాలక్ష అడిగాడు. అట్ట మీద సూర్యాస్తమయం వేద్దామా అన్నాడు, వద్దన్నాను. ముందుమాట ఎవరు రాస్తారన్నాడు, ఎవరూ లేరన్నాను. అంకితం ఎవరికన్నాడు, ఆ పేజీ వదిలెయ్యమన్నాను.

"ప్రచురణ ఎవరని వెయ్యమంటారు?"

"నేనే."

"అప్పుడు మీ పేరే రెండుసార్లు వస్తుంది. రాసిందీ మీరే, వేసిందీ మీరే."

"రానివ్వండి."

ఆయన ఆఖరి పేజీ తిరగేసి, "ఇక్కడ లైను రెండుసార్లు..." అంటూ కలం తీశాడు.

"అది అలాగే ఉండాలి," అన్నాను. నేను గొంతు పెంచానేమో, లోపల కత్తిరింపు మిషను దగ్గరున్నతను కూడా తిరిగి చూశాడు.

పుస్తకాలు కట్టలు కట్టలుగా గదికి వచ్చాయి. మంచం కింద కొన్ని, కిటికీ కింద కొన్ని. అక్కకి పోస్టులో పంపాను. "అందిందిరా, అట్ట బావుంది. అక్షరాలు మరీ చిన్నవి. కళ్ళజోడు మార్చాక చదువుతా," అంది ఫోన్లో. పంక్చర్లాయన రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకుని అల్మారాలో పెట్టాడు, ఇంకా అక్కడే ఉంది. కొట్టాయనకి ఇస్తే, "మా కొట్లోంచి పుస్తకం బయటికి రావడం ఇదే మొదలు" అని వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. తర్వాత ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద పెట్టుకున్నాడు. పుస్తకం బరువు బానే సరిపోయింది.

ఆవిడకి నేనే లోపలికి వెళ్ళి ఇచ్చాను. ప్రశ్నపత్రాల రోజులు, బల్ల నిండా కాగితాలున్నాయి. చేతులు చీర కొంగుకి తుడుచుకుని తీసుకుంది. మొదటి పేజీ తియ్యలేదు. నేరుగా ఆఖరి పేజీ తీసింది.

చూసింది. ముఖం పాలిపోయింది.

"బాబాయ్, ఇదేంటి? రెండుసార్లు పడిందే!"

"అవును."

"మీరు చూశారా అప్పుడు? స్కేలు పెట్టి చూశారు కదా?"

"చూశాను."

"చూసి ఊరుకున్నారా? అన్ని పుస్తకాల్లోనూ ఇలాగే పడి ఉంటుంది. నా తప్పు. జనం ఏమనుకుంటారు?" గొంతు తగ్గించింది, కొట్టాయనకి వినపడకుండా. "నాతో అనొచ్చు కదా. ఒక్క క్షణం పని, తీసేసేదాన్ని."

"ఆవిడ అన్నేళ్ళు మాట్లాడలేదు కదమ్మా," అన్నాను. "రెండుసార్లు అననీ."

ఆవిడ నా వైపు చూసింది. తర్వాత పుస్తకం వైపు చూసింది. ఏదో అనబోయింది. ముందు నుంచి ఎవరో, "ప్రశ్నపత్రం అయిందా అండీ, మాస్టారు పంపించారు" అని కేక వేశారు. ఆవిడకి వినపడలేదు. రెండోసారి అరిచాక వినపడింది. పుస్తకం సొరుగులో పెట్టి, సొరుగు మూసి, కళ్ళజోడు పెట్టుకుంది.

"వస్తానమ్మా," అన్నాను.

"మంచిది బాబాయ్," అంది. వేళ్ళు మొదలయ్యాయి. నేను మందుల షాపు దాటేదాకా వినపడ్డాయి, రేకు మీద వానలా, ఎక్కడా ఆగకుండా.

మర్నాడు పొద్దున టిఫిను కానిచ్చి ఉతికిన చొక్కా వేసుకున్నాను. గుండీలన్నీ పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని, కాగితాల కోసం కుర్చీ వైపు చెయ్యి చాపాక గుర్తొచ్చింది, తీసుకెళ్ళాల్సింది ఏమీ లేదని.

కిటికీ కింద పుస్తకాల కట్ట మీద కూర్చున్నాను. బయట పంక్చర్లాయన ట్యూబుని నీళ్ళలో ముంచి బుడగలెక్కడొస్తున్నాయో చూస్తున్నాడు. నేనూ చూశాను. బుడగలు ఒకచోటి నుంచే వస్తున్నాయి. ఆయన అక్కడ వేలు పెట్టి పట్టుకుని, రెండో చేత్తో సుద్దముక్క కోసం తడుముకుంటున్నాడు.

చెప్పులు విప్పాను. చొక్కా విప్పలేదు.